అన్నం దిగుతుంది, నీళ్ళకే పొలమారుతుంది

మా పెదనాన్న ముప్ఫై నాలుగేళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పారు. నేను పదకొండేళ్ళుగా స్పీచ్ థెరపీ చేస్తున్నాను. మాట ఆయనకీ వృత్తే, నాకూ వృత్తే. మాట వచ్చిన పిల్లలకి మంచి మాట నేర్పాలని ఆయన పాటుపడ్డారు. నేను మాట రానివాళ్ళ ఎదురుగా కూర్చున్నాను. కలిసినప్పుడల్లా మా మధ్య వాదన రేగడానికి ఈ తేడాయే కారణమనుకుంటాను.

కిందటి నవంబరులో పెద్దమ్మకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కుడిచెయ్యి కూడా సరిగా లేవడం లేదు. కనుమ మర్నాడు నేను విజయనగరం వెళ్ళేసరికి వీధరుగు మీద కూర్చుని ఉంది. కాఫీ గ్లాసు ఎడమచేత్తో పైకెత్తి, తల వెనక్కి వాల్చి గొంతులో పోసుకుంది. ఆ వెంటనే కళ్ళనీళ్ళు తిరిగేలా దగ్గు. పెదనాన్న గబగబా వచ్చి ఆవిడ మాడు మీద తట్టారు. అక్కడ మొదలైంది మా సంభాషణ.

పెదనాన్న: డల్లాస్‌లో మావాడు తలుచుకుంటున్నాడు. అక్కడిప్పుడు తెల్లవారుతూ ఉంటుంది.

నేను: రోజుకి ఎన్నిసార్లు పొలమారుతోంది పెదనాన్నా?

పెదనాన్న: కాఫీకి, మంచినీళ్ళకి, మజ్జిగకి. అన్నానికి మాత్రం లేదమ్మా. పప్పన్నం మెత్తగా కలిపి పెడితే శుభ్రంగా తింటుంది. అదే నాకు అంతుపట్టదు. అన్నం మింగే మనిషికి నీళ్ళు మింగడం ఒక లెక్కా? ధ్యాస ఎక్కడో ఉంటుంది, అంతే.

నేను: గొంతుకి నీళ్ళే కష్టం. అన్నం వెళ్ళే దారీ గాలి వెళ్ళే దారీ గొంతులో ఒకదాన్నొకటి దాటుకుంటాయి. ముద్ద నాలుక వెనక్కి చేరగానే ఊపిరి ఆగాలి. స్వరపేటిక పైకి లేవాలి, దాని మీద చిన్న మూత వాలాలి, లోపల స్వరతంతువులు బిగుసుకోవాలి, అన్నవాహిక నోరు తెరుచుకోవాలి. పాతికకు పైగా కండరాలు కలిసి చేసే పని, ఒక్క సెకనులో అయిపోవాలి. పక్షవాతం వాటిలో కొన్నిటిని మందగింపజేసింది. మెత్తటి ముద్ద మెల్లగా జారుతుంది కనుక మూత ఆలస్యంగా పడినా సరిపోతోంది. నీళ్ళు ఆగవు, మూత పడేలోపే గాలి దారిలోకి పోతున్నాయి.

పెదనాన్న: పొలమారని మనిషి ఎవరు? నాకూ మారుతుంది.

నేను: మీకు ఏ పండక్కో, నవ్వుతూ తింటుంటే. ఈవిడకి గుక్కగుక్కకీ. అయినా దగ్గు వస్తోంది కాబట్టి నాకు కొంత ధైర్యంగా ఉంది, అది గొంతుకి కాపలా. కొందరికి ఆ దగ్గు కూడా రాదు. తాగాక గొంతు తడిగా గురగురమంటుంది, ఎందుకో తెలియని జ్వరాలు వస్తుంటాయి, ఒకరోజు నిమోనియా అని తేలుతుంది. పక్షవాతం వచ్చిన కొత్తలో దాదాపు సగం మందికి మింగడంలో ఇబ్బంది ఉంటుంది. చాలామందికి కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. పెద్దమ్మకి రెండు నెలలు దాటింది కదా, ఇక పరీక్ష చేయించాల్సిందే. బేరియం కలిపిన ద్రవం మింగిస్తూ ఎక్స్‌రేలో చూస్తారు, లేదా ముక్కులోంచి సన్నటి కెమెరా దించి చూస్తారు. విశాఖలో చేయిద్దాం. ఈలోగా ఒక్కటి మానిపించండి. ఎత్తి తాగడం వద్దు.

పెదనాన్న: ఎంగిలి చేసి తాగమంటావా? అరవై ఏళ్ళుగా గ్లాసుకి పెదవి తగలనివ్వని మనిషి.

నేను: ఆవిడ గ్లాసు ఆవిడకే ఉంచండి. తల వెనక్కి వాల్చితే గాలి దారి తలుపు బార్లా తీసినట్టు అవుతుంది, నీళ్ళు వేగంగా వచ్చి పడతాయి. నిటారుగా కూర్చోబెట్టండి. చెంచాతో కొంచెం కొంచెం. గడ్డం ఛాతీ వైపు దించితే పెద్దమ్మకి మేలా, నీళ్ళు కాస్త చిక్కగా చేసి ఇవ్వాలా అన్నది పరీక్ష చూశాక చెప్తాను. అందరికీ ఒకే చిట్కా పనిచేయదు.

పెదనాన్న: కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు అవుతుందేమోనని నా భయం. ఇప్పుడు కాస్త తాగుతోంది, అదీ మాన్పించేస్తారేమో ఆ పరీక్షలన్నీ పెట్టి.

నేను: ఆ భయం నాకు తెలుసు. నోటికి ఏమీ ఇవ్వొద్దని ట్యూబు వేసి వదిలేసినవాళ్ళని చూశాను. తాగడం మాన్పించడానికి కాదు, ఎలా తాగితే భద్రమో తెలుసుకోవడానికే ఈ పరీక్ష.

(పెద్దమ్మ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది. తన గురించే మాట్లాడుకుంటున్నామని తెలుసు. నేను కుర్చీ జరుపుకుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. మొదటే చేయాల్సిన పని అది.)

పెదనాన్న: సరే, గొంతు సంగతి ఒప్పుకున్నాను. మాట సంగతి మాత్రం ఒప్పుకోను. చూడు, ఇది విను. ఆదివారం...

(పెద్దమ్మ వెంటనే అందుకుంది: సోమవారం, మంగళవారం, బుధవారం... శనివారం దాకా ఒక్క తడబాటు లేదు.)

పెదనాన్న: విన్నావుగా! ఇరవై దాకా లెక్కపెడుతుంది. సంజెవేళ దీపం దగ్గర నేను శ్లోకం ఎత్తుకుంటే చివరిదాకా నాతో వస్తుంది. ఈవేళ ఏ వారం అని అడుగు, నా మొహంలోకి చూస్తూ కూర్చుంటుంది. ఏడు వారాలూ నోటికి వచ్చిన మనిషికి ఒక్క వారం రాదా? మొండితనం కాకపోతే ఏమిటి? ‘కా’ అంటుంది, కాఫీ తెస్తాను, గ్లాసు తోసేస్తుంది. నా మీద కోపం ఇలా తీర్చుకుంటోందని ఊరుకుంటున్నాను.

నేను: పెదనాన్నా, వారాల వరస చిన్నప్పటి నుంచి నడిచి నడిచి నలిగిన బాట. ఒక్క అడుగు వేయిస్తే కాళ్ళే ముందుకు తీసుకుపోతాయి. శ్లోకమూ అంతే, పైగా దానికి రాగం తోడుంటుంది. ‘ఈవేళ ఏ వారం’ అన్నప్పుడు ఆ బాట లేదు. ఏడింటిలో ఒకదాన్ని ఏరుకోవాలి, దాని శబ్దాలు వరసగా పేర్చుకోవాలి, నోటికి అందించాలి. దెబ్బ తగిలింది ఆ ఏరుకునే చోట. ఆవిడకి ఈవేళ ఏ వారమో తెలుసు. క్యాలెండర్లో చూపించమంటే వేలు పెడుతుంది, చూడండి.

(గోడ మీది క్యాలెండర్ తెచ్చి ఒళ్ళో పెట్టాను. పెద్దమ్మ ఎడమచేతి చూపుడువేలు తిన్నగా ఆనాటి తేదీ మీదికి వెళ్ళింది. పెదనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.)

నేను: 1861లో పారిస్ దగ్గర ఒక ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే డాక్టరు ఒక రోగిని చూశాడు. ఏం అడిగినా ‘టాన్’ అనే ఒక్క శబ్దమే అనేవాడట. ఎదుటివాళ్ళ మాట మాత్రం అర్థమయ్యేది. ఆ మనిషి పోయాక మెదడు చూస్తే ఎడమవైపు ముందుభాగంలో దెబ్బ కనిపించింది. పదమూడేళ్ళకి, 1874లో, వెర్నికే అనే మరో డాక్టరు వేరే రకం చెప్పాడు. వాళ్ళు ధారాళంగా మాట్లాడతారు, కానీ మాటల్లో అర్థం నిలవదు, ఎదుటివాళ్ళు అన్నదీ తలకెక్కదు. పక్షవాతం వచ్చినవాళ్ళలో మూడోవంతు మందికి ఇలా భాషకి దెబ్బ తగులుతుంది. దీన్ని అఫేసియా అంటారు. పెద్దమ్మది బ్రోకా చెప్పిన రకానికి దగ్గర.

పెదనాన్న: మరి పక్కవీధి శాస్త్రిగారికీ పక్షవాతమే. ఆయన వాక్యాలు పూర్తిగా అంటారు, అన్నీ ముద్దముద్దగా ఉంటాయి.

నేను: ఆయనకి మాటలు దొరుకుతున్నాయి, పలికే కండరాలు బలహీనపడ్డాయి. అది డిసార్థ్రియా. రెండింటికీ చికిత్స వేరు.

పెదనాన్న: ఆగు. ఇది మనవాళ్ళకి కొత్త కాదు. వాక్కుకి నాలుగు మెట్లు చెప్పారు. పర, పశ్యంతి, మధ్యమ, వైఖరి. చెవికి వినిపించేది వైఖరి ఒక్కటే. మిగిలిన మూడూ లోపలే ఉంటాయి. శాస్త్రిగారికి చెడింది వైఖరి. మీ పెద్దమ్మకి చెడింది మధ్యమ. అంతేనా?

నేను: వాళ్ళు చెప్పింది మెదడు గురించి కాదు, తత్త్వం గురించి. కానీ ఈ పోలిక నేను రేపటి నుంచి వాడుకుంటాను పెదనాన్నా. పైకి మాట లేకపోయినా లోపల వాక్కు ఉండగలదని ఇంట్లోవాళ్ళకి చెప్పలేక నేను ఎన్నోసార్లు అవస్థపడ్డాను.

పెదనాన్న: (చాలాసేపు ఊరుకుని) ఆ రాత్రి నాలుక మందంగా ఉందని సైగ చేసింది. నిద్ర చాలలేదేమో, పడుకో అన్నాను. తెల్లారాక తీసుకెళ్ళాం.

నేను: గడ్డ కరిగించే ఇంజెక్షను 4.5 గంటల్లోపు పడాలి. అయినా అందరికీ అది ఇచ్చే వీలు ఉండదు. మీరు ముందే తీసుకెళ్తే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. పక్కింటివాళ్ళకి మాత్రం చెప్పండి. మూతి పక్కకి పోయినా, చెయ్యి వాలిపోయినా, మాట తేడాగా వచ్చినా గడియారం చూసుకుని బయలుదేరాలి.

పెదనాన్న: చెప్తాను. ఇంకొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఒకచోట వచ్చిన మాట ఇంకోచోట రాకపోతే అది నటన కాదని ఎప్పుడూ అనొచ్చా? మాటల్లో మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. 1987లో నా ఎనిమిదో తరగతిలో ఒక కుర్రాడుండేవాడు. పద్యం ఎత్తుకుంటే గంట మోగినట్టు ఉండేది. ఒక్క అక్షరం తూలేవాడు కాదు. అందరూ కలిసి చదివితే వాడి గొంతే పైన వినిపించేది. లేచి వచన పాఠం చదవరా అంటే ‘ప ప ప’ అని నిలబడిపోయేవాడు, మెడనరాలు ఉబ్బేవి. పద్యానికి లేని నత్తి గద్యానికి ఎక్కడిదిరా అన్నాను. చదవకుండా తప్పించుకోవడానికి వేషం అనుకున్నాను. బెత్తంతో కొట్టాను. ఒకసారి కాదు.

నేను: వేషం కాదు పెదనాన్నా. నత్తి స్వభావమే అది. పాడుతున్నప్పుడు, నలుగురితో కలిసి చదువుతున్నప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు, కుక్కపిల్లతో మాట్లాడుతున్నప్పుడు చాలామందికి నత్తి దాదాపుగా కనిపించదు. లయ తోడుంటే, వినేవాళ్ళ భయం లేకపోతే మాట సాగుతుంది. అందరి ముందూ ఒక్కడే లేచి తన వేళకి తాను పలకాల్సి వచ్చినప్పుడు బిగుసుకుంటుంది. మీరు నటనకి రుజువు అనుకున్నదే నత్తికి రుజువు.

పెదనాన్న: దెబ్బలవల్ల వచ్చిందా అది?

నేను: దెబ్బలవల్ల రాదు. కుటుంబాల్లో నడుస్తుంది, మగపిల్లల్లో ఎక్కువ. దానికి సంబంధించిన జన్యుమార్పులు కొన్నిటిని 2010లో గుర్తించారు. చిన్నతనంలో నూటికి అయిదుగురు పిల్లలకి ఎప్పుడో ఒకప్పుడు నత్తి కనిపిస్తుంది. వాళ్ళలో చాలామందికి తగ్గిపోతుంది, పెద్దయ్యాక నూటికి ఒక్కరికి మిగులుతుంది. దెబ్బ చేసేది ఏమిటంటే, నత్తికి భయాన్ని జోడిస్తుంది. భయపడినవాడు నత్తి వచ్చే మాటల్ని తప్పించుకుంటాడు, తర్వాత మాట్లాడడమే తప్పించుకుంటాడు. నా దగ్గరకి వచ్చే పెద్దవాళ్ళు కొందరు ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్ళరు, ఫోను ఎత్తరు. తమ పేరు చెప్పాల్సి వస్తుందని పెళ్ళిళ్ళకి వెళ్ళనివాడు ఒకడున్నాడు. పేరు మార్చి చెప్పలేరు కదా.

పెదనాన్న: వాడు తొమ్మిదిలో బడి మానేశాడు.

(నాకు ఏమనాలో తెలియలేదు. ఆయన్ని ఓదార్చడానికి ‘కాలం అలాంటిది’ అనవచ్చు. ఆ కుర్రాడి వైపు నుంచి చూస్తే ఆ మాట అనబుద్ధి కాలేదు. ఊరుకున్నాను.)

పెదనాన్న: నాలుక కింద తీగ కోయించమని వాళ్ళ నాన్నకి చెప్పాను కూడా.

నేను: నాలుక అంటుకుని ఉంటే కొందరికి అది కోయాల్సి వస్తుంది, నత్తికి మాత్రం దానితో పనిలేదు. ఇలాంటివి మన ఊళ్ళలో చాలా ఉన్నాయి. గ్రహణం పూట కడుపుతో ఉన్న మనిషి ఏదో కోసిందని పెదవి చీలి పుట్టిన బిడ్డకి ‘గ్రహణం మొర్రి’ అని పేరు పెట్టి తల్లిని దోషిని చేస్తాం. కడుపులో బిడ్డ మొహం రూపు కట్టే తొలివారాల్లో రెండు పక్కలూ కలవాల్సిన చోట కలవలేదు, అంతే. పెదవిని మొదటి ఆరునెలల్లో, అంగిలిని ఏడాది అటూ ఇటూ కుట్టేస్తారు. ఆ తర్వాత మాట నేర్పాలి. చాలామంది ఆపరేషన్‌తో పని అయిపోయిందని ఆ నేర్పించడం దగ్గర ఆగిపోతారు.

పెదనాన్న: మా రోజుల్లో ఇన్ని పేర్లు లేవు. ఇన్ని రోగాలూ లేవనుకున్నాం.

నేను: మనుషులు ఉన్నారు, పేర్లే లేవు. 2011 జనాభా లెక్కల్లో వినికిడి లోపం ఉన్నవాళ్ళు 50 లక్షల పైచిలుకు, మాట లోపం ఉన్నవాళ్ళు 20 లక్షలకి దగ్గరగా నమోదయ్యారు. లెక్కకి ఎక్కినవాళ్ళు మాత్రమే ఇంతమంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల లోపాలే ఉండేవి, మాట కోల్పోవడం వాటిలో లేదు. 2016 చట్టం వచ్చి 21 చేసింది. అప్పుడుగానీ పెద్దమ్మలాంటివాళ్ళకి కాగితం మీద చోటు దొరకలేదు.

పెదనాన్న: అయితే ఇంకో సంగతి. మీ పెద్దమ్మ మేనకోడలి కూతురు, రెండేళ్ళు దాటాయి, ‘అమ్మ’ అన్న మాట కూడా రాలేదు. ఆడపిల్లకి ఆలస్యం కాదంటారే అని అడిగితే, వస అరగదీసి నాలుక మీద రాయమని మా అక్కయ్య చెప్పింది. మీ అందరికీ రాశాం. మీరంతా వసపిట్టలయ్యారు.

నేను: ఆ వస ముందు ఆపించండి. అందులో ఉండే బీటా అసరోన్ అనే పదార్థం మంచిది కాదని అమెరికాలో 1968లోనే ఆహారంలో వాడకూడదన్నారు. పసిపిల్లల కడుపులోకి అసలు వద్దు. చెవులు పరీక్ష చేయించారా?

పెదనాన్న: వినిపిస్తుందమ్మా. నేనే చూశాను. స్టీలు పళ్ళెం కిందపడితే తిరిగి చూసింది. లారీ వెళ్తే చూస్తుంది.

నేను: పళ్ళెం వినిపించిన పిల్లకి మాట వినిపించాలని లేదు. మీరు వ్యాకరణం చెప్పినవారు, మీకు ఇట్టే అర్థమవుతుంది. అచ్చులు బలమైన ధ్వనులు, ఎంతో దూరం వెళ్తాయి. క, చ, ట, త, ప...

పెదనాన్న: పరుషాలు.

నేను: పరుషాలు. శ, ష, స...

పెదనాన్న: ఊష్మాలు. రెండింటికీ నాదం లేదు, వట్టి ఊపిరే.

నేను: అదే. వాటి శబ్దం సన్నం, బలం తక్కువ. లోపలి చెవి నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి ఉంటుంది. సన్నటి శబ్దాలు పట్టే భాగం గుమ్మం దగ్గర, బండ శబ్దాలు పట్టేది లోపలి కొసన. చాలామందికి గుమ్మం దగ్గరే ముందు పాడవుతుంది. అప్పుడు లారీ వినిపిస్తుంది, ‘పాప’లో అచ్చులు రెండూ వినిపిస్తాయి, పకారాలు వినిపించవు. పైగా రెండేళ్ళ పిల్ల ఎదుటివాళ్ళు తల తిప్పితే తనూ తిప్పుతుంది, నేల అదిరితే పట్టేస్తుంది. పెద్దవయసువాళ్ళు ‘వినిపిస్తోంది కానీ ఏమంటున్నారో తెలియడం లేదు’ అంటారు, అదీ ఇదే. కావలసినవే వినిపిస్తాయని కోడళ్ళు విసుక్కుంటారు.

పెదనాన్న: రెండేళ్ళ పిల్ల వినిపించిందో లేదో చెప్పలేదు కదా. పరీక్ష ఎలా చేస్తారు?

నేను: పిల్ల చెప్పనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న చెవి శబ్దం విని ఊరుకోదు పెదనాన్నా, లోపల్నుంచి తానూ అతి చిన్న శబ్దం చేస్తుంది. 1978లో కెంప్ అనే శాస్త్రవేత్త ఇది కనిపెట్టాడు. చెవిలో చిన్న గొట్టం పెట్టి ఆ ప్రతిధ్వని వస్తోందా అని చూస్తాం, కొన్ని నిమిషాల పని. బెరా అని ఇంకొకటి, నిద్రపోతున్న పిల్ల తలకి చిన్న తీగలు అంటించి శబ్దం మెదడు దాకా చేరుతోందా చూస్తారు. పుట్టిన నెలలోపు వడపోత, మూడు నెలలకల్లా నిర్ధారణ, ఆరు నెలలకల్లా చికిత్స మొదలు, ఇదీ ఇప్పటి లెక్క. ఈ పిల్లకి రెండేళ్ళు దాటాయి. ఇక ఒక్క వారం కూడా పోనివ్వకూడదు. జిల్లాలో పిల్లల పరీక్షా కేంద్రం ఉంటుంది, సికిందరాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. నాతో పంపండి, నేనే దగ్గరుండి చూపిస్తాను.

పెదనాన్న: వాళ్ళది మేనరికం. ఆ సంబంధం కుదిర్చింది నేను.

నేను: చెవుడు మోసే జన్యువు ఒక్కటే ఉన్నవాళ్ళకి చెవులు బాగానే ఉంటాయి. అలాంటివాళ్ళిద్దరు కలిస్తే ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు బిడ్డకి చెవుడు రావచ్చు. ఒకే కుటుంబంలో పెళ్ళయితే ఆ ఇద్దరూ కలిసే అవకాశం పెరుగుతుంది. కానీ పరీక్ష కాకుండా ఆ పిల్లకి చెవుడనీ అనను, కారణం మేనరికమనీ అనను. పుట్టిన కొత్తలో కామెర్లు ఎక్కువైనా, తల్లికి కడుపుతో ఉండగా రుబెల్లా వచ్చినా, మెదడువాపు వచ్చినా జరగవచ్చు. చెవులు బాగుండి వేరే కారణమూ కావచ్చు. పిలిస్తే కళ్ళలోకి చూస్తుందా, కావలసింది వేలుపెట్టి చూపిస్తుందా అన్నవి కూడా చూడాలి.

పెదనాన్న: చెవుడే అయితే తల కోసి యంత్రం పెడతారు. ఎందుకమ్మా అంత హింస? చేతిసైగలు నేర్పితే సరిపోదా? మా బడి ఎదుట బట్టలు కుట్టే అతను జీవితమంతా సైగలతోనే నెగ్గుకొచ్చాడు. దర్జాగా బతికాడు.

నేను: సైగభాషని తక్కువ చేసి మాట్లాడను. అది పూర్తి భాష, దానికి వ్యాకరణం ఉంది. 1880లో మిలాన్‌లో బధిరుల ఉపాధ్యాయులు సభ పెట్టి బడుల్లో సైగలు వద్దని తీర్మానించారు. తరాల తరబడి పిల్లలు నష్టపోయారు. 2010లో వాంకూవర్ సభలో ఆ తీర్మానానికి విచారం తెలిపారు. మన దేశంలో భారతీయ సైగభాషకి ఢిల్లీలో 2015లో ప్రత్యేక సంస్థ వచ్చింది. ఆ దర్జీకి ఎవరితో ఎంత మాట్లాడే వీలుండేదో మాత్రం ఆలోచించండి. బేరానికి సరిపడే సైగలు వేరు, కడుపులో బాధ చెప్పుకునే భాష వేరు. కాక్లియర్ ఇంప్లాంట్ కావాలంటే త్వరగా పెట్టించాలి, ఉమ్మడి రాష్ట్రంలోనే ఆరోగ్యశ్రీ కింద చేశారు. పెట్టించాక కూడా ఏళ్ళ తరబడి వినడం నేర్పాలి. ఏ దారి పట్టినా ఏదో ఒక భాష ఆ పిల్లకి వెంటనే అందాలి. అది ఒక్కటే నాకు పట్టుదల.

పెదనాన్న: మంచిది. ఇక నా వంతు. డల్లాస్‌లో మనవడికి రెండున్నరేళ్ళు. ఇరవై మాటలు లేవు. ప్లేస్కూల్లో వాళ్ళెవరో చెప్పారట, ఇంట్లో తెలుగు మానేయండి, రెండు భాషలతో పిల్లాడు తికమక పడుతున్నాడని. మావాడు విన్నాడు. ఇప్పుడు ఇంట్లో ఇంగ్లీషే. వీడియోలో నేను ‘నాన్నా’ అంటే వాడు నావైపు చూడడు. మీ శాస్త్రం చెప్పేది ఇదేనా?

నేను: కాదు. ఈ విషయంలో మీ కోపమే సరైనది. రెండు భాషలవల్ల మాటలోపం రాదు. నిజంగా భాషలో లోపం ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. వాడికి వచ్చిన మాటలు లెక్కపెట్టేటప్పుడు తెలుగువీ ఇంగ్లీషువీ కలిపి లెక్కపెట్టాలి. అలవాటైన తెలుగు మానేసి అన్నయ్యా వదినా అతుకుల ఇంగ్లీషు మాట్లాడితే వాడికి అందే భాషే పలచబడుతుంది. జోలపాట ఉండదు, కథ ఉండదు, వంటింట్లో విసుగూ మురిపెమూ ఉండవు. మా వృత్తిలోనూ ఒకప్పుడు ఈ సలహా ఇచ్చారు, ఇంకా ఇచ్చేవాళ్ళు ఉన్నారు. అందుకు నాకు సిగ్గుగా ఉంది.

పెదనాన్న: అంటే తెలుగు మాట్లాడితే చాలు, మాటలు వచ్చేస్తాయి. మీ నాన్నకీ నాలుగో ఏటికిగానీ రాలేదు.

నేను: అక్కడ మాత్రం నేను మీతో రాను. రెండేళ్ళకి యాభై మాటలు, రెండు మాటలు కలిపి ‘నాన్న ఆఫీసు’, ‘పాలు వద్దు’ అనడం రావాలి. ఆలస్యంగా మొదలుపెట్టిన పిల్లల్లో సగం మందికి పైగా తర్వాత అందుకుంటారు, నాన్న వాళ్ళలో ఒకడు. అందుకోనివాళ్ళలో మనవడు ఉంటే? ఇంట్లో కూర్చుని చూసి ఎవరూ చెప్పలేరు. తెలుగు మాట్లాడాలి, పరీక్షా చేయించాలి. రాత్రికి అన్నయ్యతో నేను మాట్లాడతాను.

పెదనాన్న: ‘చదువు’ని ‘సదువు’ అనే పిల్లల్ని కూడా నీ దగ్గరికి తెస్తారా?

నేను: తెస్తారు. తిరిగి పంపేస్తాను. ఊరంతా అలా అంటుంటే అది యాస. యాసకి నేను చికిత్స చేయను, మీరు కొట్టకూడదు.

(పెదనాన్న నవ్వబోయి దగ్గారు. అప్పుడు గమనించాను, పొద్దున ఫోనులో బాగానే ఉన్న ఆయన గొంతు సాయంత్రానికి రాపిడిగా అయింది. ఎన్నాళ్ళుగా అని అడిగాను. దసరా నుంచి అన్నారు. అరవైమంది పిల్లల క్లాసులో ముప్ఫై నాలుగేళ్ళు అరిచిన గొంతు. ఉపాధ్యాయుల స్వరతంతువుల మీద కాయలు కాయడం మేము రోజూ చూస్తాం. అయినా మూడు వారాలు దాటిన బొంగురు ఏదైనా, చుట్ట అలవాటున్న మనిషికి మరీ, గొంతులోకి అద్దం పెట్టి చూడకుండా వదలకూడదు. విశాఖలో పెద్దమ్మతోపాటు మీరూ కూర్చుంటున్నారు అన్నాను. వాదించలేదు.)

పెదనాన్న: మీ పెద్దమ్మకి మాట వస్తుందా?

నేను: మొదటి నెలల్లో వచ్చినంత వేగంగా తర్వాత రాదు, కానీ ఏళ్ళ తర్వాత కూడా మెరుగవడం చూశాను. పూర్తిగా అని మాత్రం మాట ఇవ్వలేను. మీరు చేయగలిగింది చాలా ఉంది. పరీక్షలాగా ‘ఏ వారం, ఏ నెల’ అని అడక్కండి. తెలిసిన సంగతికి జవాబు రాబట్టాలని చూడకండి. రెండు వస్తువులు చూపించి ఏది కావాలో అడగండి. టీవీ కట్టేయండి. మీరే పూర్తిచేసేయకుండా, అందించకుండా, మొహంలోకి చూస్తూ ఊరుకోండి. పది దాకా లెక్కపెట్టుకోండి లోపల.

పెదనాన్న: క్లాసులో నేను ఎవరికోసమూ పది దాకా ఆగలేదమ్మా.

(దీపం వేళయింది. వంటింట్లోంచి రెండు గ్లాసులు తెచ్చి పెద్దమ్మ ముందు పెట్టారు. పక్కన చెంచా ఉంది. ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని అడిగారు.)

పెదనాన్న: కాఫీయా, పాలా?

(పెద్దమ్మ గ్లాసుల వైపు చూసింది. పెదవులు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. ‘కా’ అంది. పెదనాన్న చెయ్యి కాఫీ గ్లాసు మీదికి వెళ్ళి మధ్యలో ఆగింది. చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నారు. నేను మూడు, నాలుగు, అయిదు అని లెక్కపెడుతున్నాను. ఎనిమిది దగ్గర అనుకుంటాను, పెద్దమ్మ ఊపిరి తీసుకుంది.)

పెద్దమ్మ: కా... కాదు. పాలు.